షియోగామా రేవు నుంచి మత్సుషిమాకి

1643లో హయాషి గహో అనే జపాన్ పండితుడు తమ దేశపు నలుమూలల విశేషాల మీద ఒక పుస్తకం రాస్తూ మూడు చోట్లను ప్రత్యేకంగా ఎన్ని చెప్పాడు. జపాన్ సముద్రం వైపున్న అమనొహషిదాతే ఒకటి, హిరోషిమా దగ్గరి మియాజిమా ఇంకొకటి, ఈశాన్య తీరాన మత్సుషిమా మూడోది. అప్పటినుంచి ఇప్పటిదాకా జపాన్‌లో 'మూడు దృశ్యాలు' అంటే ఈ మూడే. మియాగి ప్రిఫెక్చర్‌లోని మత్సుషిమా అఖాతంలో 260 చిలుకు దీవులున్నాయి. దాదాపు ప్రతి దీవి నెత్తినా పైన్ చెట్లే.

తోక్యో నుంచి బుల్లెట్ రైలెక్కితే గంటన్నరలో సెందాయ్. అక్కడ సెన్‌సెకి లైను లోకల్ రైలు పట్టుకుంటే నలభై నిమిషాల్లో మత్సుషిమా-కైగన్ స్టేషన్. చాలామంది యాత్రికులు అక్కడ దిగి, ఎదురుగా ఉన్న రేవులో పడవెక్కి, యాభై నిమిషాలు దీవుల మధ్య ఒక చుట్టు తిరిగి, ఎక్కినచోటే దిగుతారు. నేను అలా వెళ్లొద్దంటాను. మూడు స్టేషన్లు ముందే హొన్-షియోగామాలో దిగండి. ఆ ఊరి రేవు నుంచి మత్సుషిమాకి నేరుగా పడవలున్నాయి. పట్టే సమయం ఇంచుమించు అంతే, కానీ యాత్ర వేరు. ఒక చేపలరేవులో మొదలై, మనుషులు కాపురముండే దీవుల పక్కనుంచి, ఆల్చిప్పల పెంపకపు పందిళ్ల మధ్యనుంచి వెళ్లి ఆ ప్రసిద్ధ దృశ్యాన్ని చేరతాం. 1689లో హైకూ కవి బషో వచ్చింది కూడా ఈ దారినే.

నవంబరు చివర్లో వెళ్లాను. మా అక్కయ్య కొడుకు సెందాయ్‌లో తొహోకు యూనివర్సిటీలో చదువుతున్నాడు, తీరప్రాంతాల ఇంజనీరింగు. వాడికి ఈ సముద్రం పాఠ్యపుస్తకం లాంటిది. పొద్దున్నే స్టేషన్లో కలిశాడు. రైలు తగాజో ఊరు దాటుతుంటే కిటికీలోంచి ఇళ్ల మధ్య ఎటో చూపించి, "అటువైపు చిన్న మిట్ట ఒకటుంది మామయ్యా, సుయె నో మత్సుయామా అంటారు. దాని సంగతి చెప్తాను విను" అన్నాడు.

ఆ మిట్ట మీద రెండు ముసలి పైన్ చెట్లున్నాయట. వెయ్యేళ్ల నాటి జపాన్ ప్రేమకవితల్లో ఈ మిట్ట పేరు పదేపదే వస్తుంది. నేను నిన్ను మరిస్తే సముద్రపు అలలు ఆ మిట్ట దాటినట్టే అని ప్రేమికులు ఒట్టుపెట్టుకునేవాళ్లు. సముద్రం అక్కడికి చాలా దూరం. అలలు అంతదూరం రావడమేమిటి, దాటకపోవడమేమిటి అని చదివేవాళ్లకు అనిపించేది. 869లో ఈ తీరాన్ని జోగన్ భూకంపం, దాంతోపాటు పెద్ద సునామీ ముంచెత్తాయి. ఆ నీళ్లు లోపలిదాకా వచ్చి ఈ మిట్ట ఎక్కలేక ఆగిపోయిన జ్ఞాపకమే కవితల్లోకి చేరిందని కొందరు పరిశోధకులు అనుకుంటారు. 2011 మార్చి 11న మళ్లీ సునామీ వచ్చింది. తగాజో వీధులు మునిగాయి. మిట్ట చుట్టూ నీళ్లు చేరాయి. మిట్ట మాత్రం మునగలేదు.

ఈ ఒక్క కథతో ఆ రోజు చూడబోయేదాన్ని ఎలా చూడాలో నాకు తెలిసింది. ఈ తీరాన కవులు పొగిడిన చోట్లు వట్టి అందమైన చోట్లు కావు. అక్కడ నేల ఏదో ఒక పని చేస్తూ ఉంటుంది.

షియోగామా పాత ఊరు. పూర్వం సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసినవాళ్ల ఊరు. అక్కడి ఒక చిన్న గుడిలో నాలుగు పాత ఇనుప బానలను దేవతల్లా కాపాడుకుంటున్నారు. ఏటా జూలైలో సముద్రపు నాచుతో, నీళ్లతో పూర్వపద్ధతిలో ఉప్పు కాచే వేడుక చేస్తారు. పెద్ద గుడి కొండమీద ఉంది, 202 రాతిమెట్లు. నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పక్కదారిన వెళ్లడం మేలు. పైన గర్భగుడి ముందు ఒక ఇనుప దీపస్తంభం ఉంది. 1187లో ఒక యోధుడు సమర్పించినది. ఆ యోధుడు తర్వాత రెండేళ్లకే యుద్ధంలో పోయాడు. అయిదువందల ఏళ్ల తర్వాత బషో ఆ దీపపు గూటి తలుపు మీది పేరూ తేదీ చదివి కదిలిపోయి తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. బషో చూసి కూడా ఇప్పుడు మూడువందల ఏళ్లు దాటింది. ఇనుము నల్లబడింది, అక్కడే ఉంది.

రేవులో ట్యూనా చేపల వాసన, డీజిల్ వాసన. షియోగామా ట్యూనాకు పేరుపడ్డ ఊరు, సుషీ కోసమే సెందాయ్ నుంచి జనం వస్తారు. మా పడవ రెండంతస్తులది. కింద అద్దాల గది, వెచ్చగా ఉంది. పైన డెక్కు మీద గాలి కోసేస్తోంది. కింద కూర్చుంటే కళ్లకు అద్దం అడ్డు, పైన నిలబడితే చెవులకు గాలి అడ్డు. నేను పైనే నిలబడ్డాను. మీరు వెళ్తే మంకీ క్యాప్ మరవకండి.

రేవు వదలగానే దీవులు మొదలవుతాయని అనుకోకూడదు. ముందు గిడ్డంగులు, క్రేన్లు, రంగు వెలిసిన చేపల పడవలు. తర్వాత నీళ్లు విచ్చుకుని ఎడమపక్క ఒకటి, కుడిపక్క రెండు, ఇంకాస్త దూరాన వరసగా కొన్ని. దగ్గరికి వచ్చేదాకా రెండు దీవులు ఒకటిగానే కనిపిస్తాయి. పక్కకి తిరగగానే మధ్యలో సందు తెరుచుకుని, ఆ సందులోంచి ఇంకో నాలుగు దీవులు బయటపడతాయి. ఫొటోల్లో ఈ కదలిక రాదు. దీవులు ఉన్నచోటే ఉన్నా, పడవ నడుస్తున్నంతసేపూ వాటి వరస మారుతూనే ఉంటుంది. నేను ఫోను జేబులో పెట్టేశాను.

ఇవన్నీ ఒకప్పటి కొండలు. సముద్రం లోయల్లోకి వచ్చేసరికి శిఖరాలు మాత్రం పైన మిగిలాయి. రాయి గట్టిది కాదు. అగ్నిపర్వతాల బూడిద పేరుకుని రాయిగా మారిన పొరలు, వాటి మధ్య ఇసుకరాయి, బురదరాయి. అందుకే తెల్లగా, లేత పసుపుగా చారలు చారలుగా ఉంటాయి. అల తగిలే మట్టాన లోపలికి తొలుచుకుపోయి, ప్రతి దీవికీ కింద నడుము సన్నబడినట్టు ఉంటుంది. పైన మట్టి చాలా పల్చన. ఆ పల్చని మట్టిలో, ఉప్పుగాలిలో బతకగలిగింది పైన్ చెట్టే. వేళ్లు రాతిపగుళ్లలోకి దించి, కొమ్మలు గాలివాటుకి వంచి నిలబడింది. తెల్లరాయి, ముదురాకుపచ్చ చెట్టు, కింద నీలం. జపాన్ చిత్రకారులు దీన్ని శతాబ్దాలుగా తెరల మీద ఎందుకు గీశారో డెక్కు మీద నిలబడితే తెలుస్తుంది.

ఈ చెట్లు కూడా వాటంతట అవే పచ్చగా ఉండటం లేదు. కంటికి కనపడనంత చిన్న పురుగు ఒకటి పైన్ మానులోకి చేరి నీళ్లు పైకెక్కకుండా చేస్తుంది. ఒకరకం పెంకుపురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోస్తుంది. ఈ తెగులుతో జపాన్ అంతటా లక్షల చెట్లు పోయాయి, మత్సుషిమాలోనూ పోయాయి. ఎండినవాటిని కొట్టెయ్యడం, బతికున్న మానులకి మందు ఎక్కించడం, కొత్త మొక్కలు నాటడం ఆగకుండా చేస్తున్నారు. ఇంకో ప్రమాదం యాత్రికుల వల్లే వచ్చింది. వెనకటి రోజుల్లో పడవల మీద రొయ్యల రుచి చిప్స్ పాకెట్లు అమ్మేవారు, జనం వాటిని సీగల్ పక్షులకి విసిరేవారు. పక్షులు గుంపులుగా పడవల వెంట వచ్చేవి. పిల్లలకు అదే పెద్ద సరదా. కానీ ఆ పక్షులన్నీ వెళ్లి వాలేది దీవుల మీది చెట్లపైనే. రెట్టలతో చెట్లు మాడిపోవడం మొదలైంది. పదేళ్ల పైమాటే, పడవల్లో తిండి వెయ్యడం నిలిపేశారు. ఇప్పుడు నాలుగైదు పక్షులు మాత్రం పిల్లికూన గొంతుతో అరుస్తూ కాసేపు వెంటవచ్చి వెనక్కి తిరిగాయి. నాకు ఆ నిర్ణయం ఎంతో నచ్చింది. డబ్బు వచ్చే సరదాని చెట్టు కోసం వదులుకున్న ఊరది.

కాస్త లోపలికి వెళ్లాక నీళ్లలోంచి పైకి లేచిన వెదురు గుంజలు కనపడ్డాయి. వాటిమీద అడ్డకర్రలు, అచ్చం తమలపాకుల తోటకి వేసే పందిళ్ల లాగా. మైకులో అమ్మాయి గొంతు దీవుల పేర్లు చెబుతూనే ఉంది, వీటి గురించి ఒక్క వాక్యంలో దాటేసింది. నాకైతే యాత్ర మొత్తంలో ఎక్కువ సేపు చూడాలనిపించింది వీటినే.

ఇవి ఆయిస్టర్లు, అంటే మన ఆల్చిప్పల జాతిని పెంచే చోట్లు. మియాగి తీరం ఆయిస్టర్ విత్తనానికి ప్రపంచంలోనే పేరున్నది. ఎండాకాలంలో ఆయిస్టర్లు నీళ్లలోకి గుడ్లు వదులుతాయి. పిల్లలు కొన్నాళ్లు నీటివాలున ఈదుతూ తిరిగి, అతుక్కోవడానికి గట్టి చోటు వెతుక్కుంటాయి. స్కాలప్ చిప్పలకి చిల్లులు పొడిచి, తీగలకు దండలుగా గుచ్చి, సరిగ్గా ఆ రోజుల్లో నీళ్లలో వేలాడదీస్తారు. ముందు వేస్తే చిప్పలకి పాకుడు పడుతుంది, ఆలస్యమైతే పిల్లలు వేరేచోట అతుక్కుంటాయి. ఆ అదను పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా. పిల్లలు అతుక్కున్నాక ఆ దండల్ని తీసుకొచ్చి లోతులేని చోట ఈ పందిళ్లకు కడతారు. పోటుకు నీళ్లలో మునుగుతాయి, పాటుకు గాలికీ ఎండకీ బయటపడతాయి. రోజూ ఆ కష్టం పడ్డ పిల్లే గట్టిపడుతుంది. బలహీనమైనవి రాలిపోతాయి. తర్వాత మిగిలినవాటిని లోతునీళ్లకి తీసుకెళ్లి తాళ్లకి వేలాడదీసి పెంచుతారు.

ఈ పందిళ్లకి ఫ్రాన్స్‌తో ఒక సంబంధం ఉంది. 1960ల చివర, 70ల మొదట్లో ఫ్రాన్స్ తీరంలోని ఆయిస్టర్లకు తెగులు తగిలి పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అప్పుడు జపాన్ నుంచి, ముఖ్యంగా ఈ మియాగి తీరం నుంచి విత్తనం తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. నేడు ఫ్రాన్స్‌లో తినే ఆయిస్టర్లలో ఎక్కువభాగం ఆ జాతివే. 2011 సునామీకి ఇక్కడి పందిళ్లు, తాళ్లు, పడవలు అన్నీ కొట్టుకుపోయాయి. అప్పుడు ఫ్రాన్స్ ఆయిస్టర్ రైతులు ఆనాటి సాయం గుర్తుపెట్టుకుని తాళ్లు, బుంగలు, సామగ్రి పంపించారు. నలభై ఏళ్ల నాటి రుణం తీర్చుకున్నారు. మైకులో చెప్పాల్సిన కథ ఇదే అని నాకనిపించింది. రాతిగుట్టకి ఏ ఆకారముందో ఎవరికి వారు చూసి చెప్పుకోగలరు. ఈ గుంజల వెనక ఏముందో చెప్పేవాళ్లు లేకపోతే తెలీదు.

కుడివైపు పెద్ద దీవులు కొన్ని కనిపించాయి. వాటిమీద ఇళ్లు, చిన్న రేవులు. కత్సురా, నోనో, సబుసావా, హో. ఈ నాలుగింటినీ కలిపి ఉరాతో దీవులంటారు. షియోగామా నుంచి మునిసిపల్ పడవ వీటికి రోజూ తిరుగుతుంది. ఇక్కడ ఉండేది ఎక్కువగా పెద్దవయసువాళ్లు, చేపలూ సముద్రపు నాచూ ఆయిస్టర్లూ వాళ్ల జీవనం. వీటికి ఇంకో చరిత్ర కూడా ఉంది. వంద ఏళ్ల కిందట జపాన్ వాళ్లకి చైనా క్యాబేజీ విత్తనం పెద్ద సమస్యయ్యింది. చైనా నుంచి తెచ్చిన విత్తనం మొదటి పంటకి బాగా గుండు కట్టేది. ఆ పంట నుంచి తీసిన విత్తనం వేస్తే మాత్రం ఆకులు విచ్చుకుపోయేవి, ఎందుకంటే చుట్టుపక్కల టర్నిప్, ఆవ జాతి మొక్కల పుప్పొడి తేనెటీగలు మోసుకొచ్చి కలిపేసేవి. మన దగ్గర విత్తనపు పంట వేసే రైతుకి ఇది చెప్పక్కర్లేదు. పొలానికీ పొలానికీ మధ్య ఎంత ఎడం వదలాలో అతనికి బాగా తెలుసు. సెందాయ్ విత్తన పరిశోధకులు ఆ ఎడం సముద్రంలో వెతికారు. ఈ దీవుల మీద క్యాబేజీ విత్తనం పండించారు. చుట్టూ నీళ్లే కాబట్టి కలుషితం కాలేదు. 'మత్సుషిమా' పేరుతో ఆ రకాలు దేశమంతా వెళ్లాయి. యాత్రా పుస్తకాల్లో ఈ దీవుల పేర్లు అరుదుగా కనిపిస్తాయి.

అటు తర్వాత అసలు దృశ్యం వచ్చింది. మైకు గొంతు వేగం పెంచింది. గంట దీవి కనే-జిమా, దాని అడుగున నాలుగు సొరంగాలు, అల లోపలికి దూరినప్పుడు గుడిగంటలా మోగుతుందంటారు. మేము వెళ్లిన రోజు సముద్రం నిమ్మళంగా ఉంది, మోగలేదు. సెంగన్-జిమా మీద ఒక్కటే పైన్ చెట్టు. ఈ ప్రాంతాన్ని ఏలిన దాతే మసమునే, దాన్ని తన భవనానికి మోసుకొచ్చినవాడికి లక్షలకొద్దీ నాణేలిస్తానన్నాడని కథ. తాబేలు దీవి, తిమింగలం దీవి జంటగా ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువమంది లేచి నిలబడింది నియో దీవికి. కింద సన్నని మెత్తరాయి నడుము, పైన గట్టిరాయి తల, గద్దించి కూర్చున్న మనిషి ఆకారం. జపాన్‌లో పెద్ద గుళ్ల ముఖద్వారాలకి రెండుపక్కలా కండలు తిరిగి, కనుగుడ్లు ఉరిమి చూస్తూ నిలబడే ద్వారపాలకుల్ని నియో అంటారు. మన బౌద్ధంలోని వజ్రపాణే అంతదూరం నడిచి అక్కడ కాపలాకి నిలబడ్డాడు. అఖాతానికీ మహాసముద్రానికీ మధ్య ఆ రాయి అలా కాపలా కూర్చోవడం చూసి, ఆ పేరు పెట్టినవాళ్లకి నమస్కారం పెట్టాలనిపించింది.

"బషో ఈ దీవుల మీద ఏ హైకూ రాశాడు?" అని మా వాణ్ణి అడిగాను. రాయలేదు. లేదా రాసినా తన పుస్తకంలో చేర్చలేదు. యాత్ర మొదలుపెట్టేముందే మత్సుషిమా చంద్రుడు తన మనసులో మెదులుతున్నాడని రాసుకున్నవాడు, ఇక్కడికొచ్చి వచనంలో దీవుల్ని వర్ణించి, తోటి యాత్రికుడు సోరా హైకూని ఉంచి, తను నిద్రపట్టక పడుకున్నానని మాత్రం రాశాడు. ఊరి పేరునే తిప్పి తిప్పి పలికే ఒక హైకూ బషోదని చాలామంది నమ్ముతారు. అది ఆయనది కాదు, తర్వాతి కాలపు తవరాబో అనే కవిది. మాది కాకినాడ. ఆ ఊళ్లో పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ గారి హైకూల వల్లే నాకు బషో పరిచయం. మాట ఎక్కడ ఆపాలో తెలియడం కవికి పెద్ద విద్య అని ఆయన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. మత్సుషిమా ముందు బషో ఊరుకోవడం ఓటమి అని కొందరు రాశారు. నేనలా అనుకోను. పడవ కదిలినప్పుడల్లా మారిపోయే దృశ్యాన్ని పదిహేడు ధ్వనుల్లో ఎక్కడని పట్టుకుంటాడు? ఆయన చేసిందే సరైన పని.

రేవులో దిగగానే ఎదురుగా గొదైదో. ఒడ్డుకు ఆనుకుని చిన్న దీవి, దానిమీద చిన్న చెక్క మందిరం. 1604లో మసమునే కట్టించాడు. దానికి వెళ్లే వంతెన పలకల మధ్య సందులున్నాయి, కాళ్లకింద నీళ్లు కనిపిస్తాయి. పాదం చూసుకుంటూ మనసు దగ్గరపెట్టుకుని నడవమని అలా కట్టారట. చూరు కింద పన్నెండు రాశుల జంతువులు చెక్కి ఉన్నాయి. లోపల అయిదుగురు విద్యారాజుల విగ్రహాలున్నాయి. అచలుడు, త్రైలోక్యవిజయుడు, కుండలి, యమాంతకుడు, వజ్రయక్షుడు. పేర్లన్నీ మనవే. తలుపులు ముప్పై మూడేళ్లకోసారి తీస్తారు. గతసారి 2006లో తీశారు, మళ్లీ 2039లో. మూసిన తలుపుకే దణ్ణం పెట్టి వచ్చాను.

జుయిగన్‌జీ మఠం అక్కడికి అయిదు నిమిషాల నడక. 828లో మొదలైన మఠం. ఇప్పుడున్న భవనాలు 1609లో మసమునే పూర్తిచేయించినవి, కలప కోసం దక్షిణాన కుమనో అడవుల దాకా వెళ్లారు. లోపల బంగారురేకు మీద నెమళ్లు, పైన్ చెట్లు, ఎంతసేపైనా చూడొచ్చు. ఇది రింజాయ్ జెన్ మఠం. జెన్ గురుపరంపరలో బుద్ధుడి తర్వాత వరసగా చెప్పుకునే భారతీయ గురువుల్లో పద్నాలుగోవాడు ఆచార్య నాగార్జునుడు. కృష్ణలో లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్లినవాళ్లకి ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు. ఇంత ఉత్తరాన, చలిలో, ఉదయం ఆ పరంపరని స్మరించే చోట నిలబడటం నాకు చాలా సంతోషమనిపించింది.

మఠం ముందు బాట మాత్రం బోసిగా ఉంది. ఒకప్పుడు రెండువైపులా ఆకాశాన్నంటే సుగి (జపాన్ దేవదారు) చెట్లు, పగలే చీకటిగా ఉండేదట. 2011లో ఆ బాట దాకా సముద్రం వచ్చింది. ఉప్పు నీళ్లు వేళ్లకి దిగి చెట్లు ఎండిపోయాయి, వందలకొద్దీ కొట్టెయ్యాల్సివచ్చింది. ఆ రోజు యాత్రికులూ ఊరివాళ్లూ మఠంలోనే తలదాచుకున్నారు.

అంతకుమించి నష్టం ఈ ఊరికి పెద్దగా జరగలేదు. మహాసముద్రానికి అంత దగ్గరి ఊళ్లో కెరటం మూడు నాలుగు మీటర్లకు మించలేదు. కొద్ది వారాల్లోనే యాత్రికుల పడవలు మళ్లీ తిరిగాయి. కారణం మనం పడవలో తిరిగి చూసిన ఈ దీవులే. మా మేనల్లుడు గట్టుమీద కూర్చుని, ఉడికించిన పచ్చి సోయాగింజల్ని నూరి పట్టించిన జుందా మోచీ తింటూ చెప్పాడు: "అఖాతం నోట్లో దీవులు అడ్డం మామయ్యా. కెరటం వాటిని కొట్టుకుని ముక్కలయింది. దాటి లోపలికి వచ్చింది కాస్తా లోతులేని నీళ్లలో రాపిడికి బలం కోల్పోయింది. ఇక్కడ చాలాచోట్ల మూడు నాలుగు మీటర్ల లోతే." దీవులు ఆ దెబ్బ తాము తిన్నాయి. అఖాతం తూర్పు అంచున కమాను ఆకారంలో ఉన్న చోమేయ్-అనా అనే ప్రసిద్ధమైన రాయి ఆ రోజు కూలిపోయింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఉరాతో దీవుల ఇళ్లు కొట్టుకుపోయాయి.

కాకినాడలో పుట్టినవాణ్ణి, నాకు ఈ మాట కొత్త కాదు. మా ఊరికి ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుక మేటవేసి రెండు శతాబ్దాల్లో తయారైన పొడుగాటి ఇసుకదిబ్బ. తుఫాను కెరటాన్ని ముందు అదే కాచుకుంటుంది. దాని వెనక రేవు నిలకడగా ఉంటుంది, కోరింగ మడ అడవులు పెరుగుతాయి. మేము మాత్రం అక్కడికి పిక్నిక్‌కి పడవలో వెళ్లి, ప్లాస్టిక్ వదిలి వస్తాం. మత్సుషిమాలో చెట్టుకో మందు, దీవికో లెక్క చూశాక ఆ సంగతి బలంగా గుర్తొచ్చింది.

దీవుల చాటు లేని చోట ఏం జరిగిందో చూడాలంటే అదే సెన్‌సెకి రైల్లో ఇంకో పావుగంట ముందుకు వెళ్లాలి. ఊరు నోబిరు, హిగాషి మత్సుషిమా పట్టణంలోది. ఆ పట్టణంలో 1,100 మందికి పైగా చనిపోయారు. మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకి నోబిరు స్టేషన్ నుంచి రెండు రైళ్లు ఎదురెదురు దిక్కులకి బయల్దేరాయి. అదే నిమిషాన భూమి కంపించింది. ఇషినొమాకి వైపు వెళ్లే రైలు ఎత్తైన చోట ఆగింది. ఆ నేల తెలిసిన ఒక ప్రయాణికుడు ఇక్కడే ఉండమన్నాడు, ఎవరూ దిగలేదు, అందరూ బతికారు. సెందాయ్ వైపు రైలు పల్లంలో ఆగింది. నియమం ప్రకారం ప్రయాణికుల్ని దించి, ఆశ్రయంగా ముందే నిర్ణయించిన బడి వ్యాయామశాలకి తీసుకెళ్లారు. సునామీ అక్కడికీ వచ్చింది. అక్కడ చాలామంది చనిపోయారు. ఖాళీ రైలు పట్టాల మీంచి కొట్టుకుపోయి అడ్డంగా వంగిపోయింది.

తర్వాత రైలు దారినే కొండవైపుకి మార్చారు. కొండ కొట్టి, మట్టి తరలించి, పైన కొత్త కాలనీ కట్టారు. 2015 మే 30న కొత్త దారిలో రైళ్లు నడిచాయి. పాత స్టేషన్ భవనాన్ని మాత్రం అలాగే ఉంచి జ్ఞాపక మందిరం చేశారు. నీళ్లు తిన్న టికెట్ యంత్రం, బయట గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం, వంకరపోయిన పట్టాలు. లోపల మేము, ఇంకో పెద్దాయన తప్ప ఎవరూ లేరు. మత్సుషిమా రేవులో మాత్రం అప్పటికే మధ్యాహ్నపు పడవకి వరస కట్టి ఉంటారు.

అక్కడినుంచి మియాతో దీవికి రోడ్డు వంతెన ఉంది. దాని మీద 106 మీటర్ల ఎత్తున్న ఓతకమోరి కొండ ఎక్కితే అఖాతం మొత్తం ఒక్కసారే కనపడుతుంది. మత్సుషిమాని చూడటానికి పూర్వులు చెప్పిన నాలుగు ఎత్తుల్లో ఇదొకటి. పొద్దున పడవలోంచి ఒక్కొక్కటిగా చూసిన దీవులన్నీ ఇక్కణ్ణుంచి చూస్తే వరసలు వరసలుగా, ఒకదాని సందుకు ఇంకొకటి అడ్డంగా నిలబడి ఉంటాయి. మా వాడు వేలితో కెరటం వచ్చిన దిక్కు చూపించాడు. కుడిన మహాసముద్రం, ఏ అడ్డూ లేని నోబిరు ఇసుకతీరం. ఎడమన దీవుల వెనక మత్సుషిమా. రెండూ ఒకే చూపులో పడతాయి.

తెలుగువాళ్లు ఇప్పుడు జపాన్ బాగానే వెళ్తున్నారు. తోక్యో, క్యోతో, ఫుజి చూసి తిరిగొచ్చేస్తున్నారు. ఈసారి వెళ్తే ఒక రోజు ఈశాన్యానికి కేటాయించండి. పొద్దున హొన్-షియోగామాలో దిగి పడవలో మత్సుషిమా చేరండి. మధ్యాహ్నం రైలెక్కి నోబిరులో దిగండి. పాత స్టేషన్ కొత్త స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరమే. పడవ మాత్రమే చూసి వెనక్కి తిరగవద్దు.